నాకు, నా దగ్గర

మా అమ్మాయి బడి బూట్లకి పాలిష్ పెడదామని డబ్బా మూత తిప్పాను. మైనం, తోలు కలిసిన వాసన గుప్పుమంది. ఇంగ్లండులోని ఈ నార్తాంప్టన్‌కి అది కొత్త వాసనేమీ కాదు, ఒకప్పుడు ఈ ఊళ్ళో సగంమంది బూట్లు కుట్టే బతికారట. నాకు మాత్రం అది ఒక మనిషి వాసన. పక్కింటి డొరొతీ ఆంటీ గుమ్మంలో అడుగుపెడితే ఇదే వాసన వచ్చేది. సరిగ్గా అప్పుడే లహరి ఒక కాగితం తెచ్చి నా మోకాలి మీద పెట్టింది. వచ్చే ఏడాది బళ్ళో ఏ భాష చదువుతుందో టిక్కు పెట్టి ఇవ్వాలట. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్. "మమ్, విచ్ వన్ ఈజ్ ఈజియెస్ట్?" అని అడిగింది. ఏడో తరగతితో చదువు ఆపేసిన నన్ను! నవ్వబోయి ఆగిపోయాను. ఈ ప్రశ్న నన్ను ఇదివరకే ఒకరు అడిగారు, ఈ వాసనతోనే, మా పెరటి కంచెకి అవతల నిలబడి.

మా ఆయన ఇక్కడ ఒక హోటల్లో వంటమాస్టరు. మేము ఈ ఇంట్లో దిగేనాటికి లహరి ఇంకా చంకలో పిల్ల. సామాను దించుతుంటే పక్కింటి గుమ్మంలోంచి ఒక పొట్టి ముసలావిడ చెయ్యూపి, "ఆల్ రైట్, మి డక్?" అన్నారు. నా మొహం మాడిపోయింది.

"ఏవండీ, పక్కింటావిడ నన్ను బాతంటోందండీ."

"బాతేంటే?"

"డక్ అందండీ. చెవులారా విన్నాను."

మర్నాడు ఆయన హోటల్ వంటింట్లో ఎవరినో అడిగి నవ్వుకుంటూ వచ్చారు. "ఈ వైపు అది 'అమ్మడూ' అన్నట్టంట. నిన్ను ముద్దు చేస్తోందే, పిచ్చిమొహమా."

అదీ డొరొతీ ఆంటీతో మొదటి పరిచయం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, ఒక్కరే ఉండేవారు. పదిహేనో ఏట బూట్ల ఫ్యాక్టరీలో చేరి, బూటు పై భాగం తోలు ముక్కలు కుట్టే మిషను ముందు నలభై ఏళ్ళకి పైన కూర్చున్నారు. ఆ కాలపు మైనం దారం ఉండ ఒకటి కిటికీ గూట్లో ఎప్పుడూ ఉండేది. ఇంటికి ఆ వాసన దాన్నుంచే వచ్చేదనుకుంటాను. కొన్నేళ్ళపాటు మా మధ్య నవ్వులు, వాన గురించి రెండు ముక్కలు, పండక్కి నేనిచ్చే గారెలు, క్రిస్మస్‌కి ఆవిడిచ్చే కేకు, అంతే.

లహరికి ఎనిమిదేళ్ళొచ్చిన ఏడాది నాకు కష్టం వచ్చిపడింది. ఈ దేశంలో ఉండిపోవడానికి ముగ్గురం కలిసి అప్లికేషన్ పెట్టుకోవాలి. దానికి నేను ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష పాసవ్వాలి. వెళ్ళాను. ఎదురుగా కూర్చున్నాయన నవ్వుతూనే అడిగాడు. ప్రశ్న అర్థమైంది కూడా. నాలుక మాత్రం అంగిట్లో అతుక్కుపోయింది. తప్పాను. ఇంటికొచ్చి ఇంక చచ్చినా వెళ్ళనన్నాను. "మా ఇద్దరి కాగితాలూ పెట్టి, నిన్నెక్కడ పెట్టమంటావే?" అన్నారు మా ఆయన. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

ఆ మర్నాడు పొద్దున పెరట్లో బట్టలారేస్తున్నాను. కంచె మీంచి డొరొతీ ఆంటీ తల కనిపించింది. అప్పటికి ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. చేతిలో నోటు పుస్తకం. మేమిద్దరం అప్పుడు మాట్లాడుకున్నది నా విరిగిన ఇంగ్లీషులోనూ, ఆవిడ గబగబ ఇంగ్లీషులోనూ. ఇక్కడ తెలుగులో అతికించి రాస్తున్నాను.

"పద్మా, నీ భాషలో బల్ల ఆడదా, మగవాడా?"

"బల్ల... బల్లే ఆంటీ."

"బతికించావు!" అని పుస్తకం నా వైపు తిప్పారు. స్కేలు పెట్టి గీసిన గళ్ళు. భాషకో గడి, దాని కింద ఆ భాషతో వచ్చే తిప్పలు. ఫ్రెంచ్ వాళ్ళకి బల్ల ఆడది, జర్మన్ వాళ్ళకి మగవాడు. జర్మన్‌లో పని చెప్పే మాట ఒక్కోసారి వాక్యం చివర్న ఎక్కడో దాక్కుంటుంది. వెల్ష్ భాషలో మాటకి మొదటి అక్షరమే మారిపోతుంది. ఇవన్నీ లైబ్రరీలో కూర్చుని రాసుకున్నారట. ఎందుకంటే, చిన్నప్పుడు బళ్ళో లాటిన్ బాగా చదివేవారు. తండ్రి పోయాక మధ్యలో మానిపించి ఫ్యాక్టరీకి పంపారు. "సగంలో ఆగింది. పోయేలోపు ఒక్క భాషన్నా మొదలెట్టి దాని చివర చూడాలి. ఏది సులువంటావు? నాకు తేలడం లేదు."

నేను దండెం మీద దుప్పటి పట్టుకుని ఏడ్చేశాను. పరీక్ష సంగతి చెప్పాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు. పుస్తకంలో మిగిలిన ఖాళీ గడి మీద ఏదో రాసి, "నీ భాష పేరు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా చూడు," అన్నారు.

"తెలుగా? ఎందుకాంటీ, ఎవరితో మాట్లాడతారు?"

"నువ్వు నా భాషలో తప్పులు చెయ్యి, నేను నీ భాషలో చేస్తాను. చెల్లుకు చెల్లు. పైగా టీచరు పక్కింట్లో ఉంది, బస్సెక్కక్కర్లేదు."

అలా మొదలైంది. రోజూ లహరిని బళ్ళో దింపి ఆవిడ వంటింట్లో కూర్చునేదాన్ని. మొదటి వారంలోనే గొడవ. బల్ల పడింది, పిల్లి పడింది, డొరొతీ పడింది అని రాసిచ్చాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"నాకూ బల్లకీ ఒకటే మాటా?"

"అవునాంటీ."

"మీ ఆయన పడితే?"

"పడ్డాడు."

"ఓహో, ఆయనకి వేరే! ఫ్యాక్టరీలోనూ ఇంతే ఉండేది."

నాకు సిగ్గేసింది. పుట్టినప్పట్నుంచీ నోటితో అంటున్నానే గాని ఎప్పుడూ ఆలోచించలేదు. గౌరవంగా చెబితే ఆడైనా మగైనా 'పడ్డారు' అంటామని గబగబా చెప్పాను. "అయితే మర్యాద ఇస్తే ఇద్దరూ ఒకటైపోతారన్నమాట. అది బాగుంది," అని రాసుకున్నారు. అయినా తన గురించి మాత్రం 'డొరొతీ పడింది' అనే అనేవారు, నన్ను నవ్వించడానికి. ఆవిడ గౌరవం ఆవిడే ఎలా ఇచ్చుకుంటారు మరి!

నా వంతు వచ్చినప్పుడు ఆవిడ ఇరుకున పడేవారు. ఇంగ్లీషులో మాట ముందు 'ఎ' ఎక్కడ పెట్టాలి, 'ద' ఎక్కడ పెట్టాలి అనడిగితే, "డెబ్బై ఆరేళ్ళుగా అంటున్నాను, ఎందుకో నన్నెవరూ అడగలేదు మి డక్," అనేవారు. మన మాటలో తిన్నాడో తినలేదో చివరిదాకా ఆగితే గాని తెలియదు కదా, వాళ్ళు మధ్యలోనే చెప్పేస్తారు. నాకది కథ ముందే చెప్పేసినట్టుండేది. ఆవిడకేమో మన వాక్యం వినాలంటే ఓపిక కావాలనిపించేదట. "మీ వాళ్ళు ఎదుటి మనిషిని మాట పూర్తి చెయ్యనిస్తారా, అయితే?" అనడిగారు. మా అత్తగారు గుర్తొచ్చి, టీ నీళ్ళు పెట్టడానికి లేచాను.

ఒకరోజు ఆవిడ సింకులో గిన్నెలు తోముతూ నాకు తెలియకుండానే పాడుతున్నాను. డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి. బళ్ళో బెత్తం కింద నేర్చుకున్నది, దేనికో ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఆపమన్నారు. ఏమిటది? తెలీదాంటీ, బళ్ళో పాట. నిలబెట్టి ఒక్కోటీ అడిగారు. వల్లె వేసిన వాటికి అర్థం చెప్పడానికి నేనూ అప్పుడే వెతుక్కున్నాను. 'తో' అంటే 'విత్'. 'కి', 'కు' అంటే 'టు'. ఆవిడ మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, "మెన్సా, మెన్సా, మెన్సామ్," అని తన బడి పాట అందుకున్నారు. లాటిన్‌లో బల్లకి మాటలట అవి. రెండో మెన్సా అంటే 'ఓ బల్లా!' అట.

"బల్లనెవరు పిలుస్తారాంటీ?"

"అదే మేమూ అడిగాం. దెబ్బలు తిన్నాం."

మాకూ ఓ, ఓరి, ఓయి, ఓసి ఉన్నాయని చెప్పాను. అందులో 'ఓసి' ఆవిడకి తెగ నచ్చేసింది. ఆవేళ్టి నుంచి నేను 'ఓసి పద్మా'. చదువు రానిదాన్నని నేనెప్పుడన్నా అంటే, "నోట్లో ఇంత వ్యాకరణం పెట్టుకుని ఆ మాటనకు," అని కసిరేవారు. అంతకు ముందు నన్నెవరూ దేనికీ అలా కసరలేదు.

అన్నిటికన్నా ఆవిడని ఏడిపించింది ఇంగ్లీషు 'హ్యావ్'ని తెలుగులో చెప్పడం. 'నాకు గొడుగు ఉంది' అని రాశారు. కాదాంటీ, గొడుగైతే 'నా దగ్గర ఉంది' అనాలి. సరేనని, 'నా దగ్గర కూతురు ఉంది' అని నేను అన్నట్టుగా రాసి చూపించారు. ఊహూ, కూతురైతే 'నాకు'. పెన్సిలు బల్ల మీద కొట్టి, "ఎలా తెలుస్తుంది?" అన్నారు. నాకు మాత్రం ఏం తెలుసు? కాసేపు ఆలోచించి, "కింద పెట్టి పోగలిగింది నా దగ్గర. పెట్టలేనిది నాకు," అన్నాను. ఆకలి నాకు. నొప్పి నాకు. భయం నాకు. పిల్ల నాకు.

ఆవిడ చాలాసేపు రాసి, పుస్తకం తిప్పి చూపించారు. 'నా దగ్గర ఎవరూ లేరు.' చెల్లెలు పోయాక ఆవిడకి నా అన్నవాళ్ళు లేరని నాకు తెలుసు. దిద్దకుండా ఉంటే బాగుండును. కానీ తప్పు చూసీ దిద్దకపోవడం ఆవిడకి గిట్టదు. 'నా దగ్గర' కొట్టేసి 'నాకు' అని రాశాను. ఆవిడ తలూపి పక్క వాక్యంలోకి వెళ్ళిపోయారు. "ఇది చూడు. ఇంగ్లీషులో 'ఐ యామ్ అఫ్రెయిడ్' అంటే మనిషంతా భయమే. నువ్వు 'నాకు భయం వేస్తోంది' అంటావు. అంటే అది బయటి నుంచి వచ్చింది. వచ్చిందంటే పోతుంది కూడా కదా?"

రెండోసారి పరీక్షకి ఆ మాటే కొంగున కట్టుకుని వెళ్ళాను. మనకి నచ్చిన విషయం మీద కాసేపు మాట్లాడాలి. పోయినసారి వంట అన్నాను, ఈసారి 'నా పక్కింటావిడ నా భాష నేర్చుకుంటోంది' అన్నాను. మొదటి ప్రశ్నకే నాలుక మళ్ళీ అతుక్కుంది. ఎదుటాయన, "బాగానే ఉన్నారా?" అనడిగాడు. "ఫియర్ ఈజ్ కమింగ్ టు మీ, సర్. వెయిట్. ఇట్ విల్ గో," అన్నాను. ఆయన నిజంగానే పెన్ను కింద పెట్టి ఆగాడు. అది పోయింది. మీ భాషే ఎందుకు ఎంచుకుంది ఆవిడ అనడిగితే, బస్సెక్కక్కర్లేదని అన్నాను. పడీ పడీ నవ్వాడు.

పాసయ్యానని కాగితం వచ్చిన రోజు కంచె మీంచే కేకేసి చెప్పాను. "ఓసి పద్మా!" అని ఆవిడ పెట్టిన కేకకి ఎదురింటి కుక్క మొరిగింది.

ఆ తర్వాత కూడా మా చదువు మూడేళ్ళు సాగింది, అవసరం కోసం కాకుండా. ఒక చలికాలం పొద్దున ఫోన్ మోగింది. "ఓసి పద్మా," అని సన్నగా వినిపించింది. "డొరొతీ పడింది." వేళాకోళమనుకుని నవ్వబోయాను. అవతల ఊపిరి తేడాగా ఉంది. పరిగెత్తాను. వంటింట్లో నేల మీద ఉన్నారు. పక్కనే కుర్చీ కూడా పడి ఉంది. "బల్ల పడలేదు," అన్నారు ఆవిడ, నన్ను చూసి.

తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో నర్సు ఫారం నింపుతూ మందు పేర్లు, పుట్టిన తేదీ అన్నీ అడిగి, చివరికి మెల్లిగా, "మీకు ఎవరన్నా ఉన్నారా, డొరొతీ?" అంది. ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. మందు మత్తులో నిద్రపోయారనుకున్నాను. కాసేపటికి పెదాలు కదిలాయి.

"నాకు పద్మ ఉంది."

ఏమన్నారని నర్సు నన్నడిగింది. "షి హ్యాజ్ మీ," అన్నాను. నా ఇంగ్లీషులో అంతకన్నా రాలేదు. ఇంగ్లీషులో గొడుక్కీ మనిషికీ ఒకటే మాట. ఆవిడ ఎంచి ఏ మాట వాడారో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. దిద్దడానికి ఏమీ లేదు. నర్సు నా పేరు రాసుకుంది, ఫోన్ నంబరు రాసుకుంది.

వసంతం రాకముందే ఆవిడ వెళ్ళిపోయారు. చివరి వారాల్లో ఒకసారి, "నాకు భయం వేస్తోంది," అన్నారు, ఒక్క తప్పు లేకుండా. "పోతుంది ఆంటీ," అన్నాను. ఆ నోటు పుస్తకం నా బీరువాలో, చీరల కింద ఉంది. తెలుగు గడిలో తిప్పలకి చోటు చాలక పక్క పేజీలోకి రాశారు. భాష చివర చూశారో లేదో నాకు తెలియదు.

లహరి ఇంకా కాగితం పట్టుకునే ఉంది. ఏదీ సులువు కాదే అన్నాను. ఏ భాష మాట్లాడే మనిషి నీ పక్కన కూర్చుంటోందో చూసుకో అన్నాను. క్లాసులో స్పెయిన్ నుంచి వచ్చిన పిల్ల ఒకతి ఉందని, ఎవరితోనూ మాట్లాడదని మొన్న లహరే చెప్పింది. లహరి కాసేపు పెన్ను కొరికి టిక్కు పెట్టింది. ఎక్కడ పెట్టిందో నేను చూడలేదు.

"ఇట్స్ ఆల్ రైట్ ఫర్ యూ," అంది లేస్తూ, నీకేం అన్నట్టు. "యూ హ్యాడ్ డొరొతీ."

"హ్యాడ్ ఏంటే?" అన్నాను, రెండో బూటు చేతిలోకి తీసుకుంటూ. "నాకు డొరొతీ ఆంటీ ఉన్నారు."