కళ్లకద్దుకున్న ఇన్‌హేలర్

పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేట వెళ్లే ఆటోలో నా కాళ్ల దగ్గర ఎండుమిర్చి బస్తా పెట్టారు. ఆ ఘాటుకి ఆయాసం ఎత్తుకుంది. నా ఇన్‌హేలర్ నందిగామ లాడ్జిలో ఉండిపోయింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా అవస్థ చూసి, సంచిలోంచి తన ఇన్‌హేలర్ తీసి కొంగుతో తుడిచింది. ఆత్రంగా చెయ్యి చాపాను.

"ముందు కళ్లకద్దుకో బాబూ," అంది.

ఊపిరాడితే వాదించేవాణ్ణే. అద్దుకుని పీల్చాను. కాసేపటికి ఛాతీ తేలికపడింది. మందుకి దణ్ణమెందుకని అడిగాను.

"మా మామగారికీ ఉబ్బసమేనయ్యా. ఉమ్మెత్త మొక్కకి దణ్ణం పెట్టి ఆకు కోసేవాడు. ఎండబెట్టి, చుట్ట చుట్టి పీల్చేవాడు. ఆయాసం తగ్గేది గానీ, ఒక్కోసారి మత్తెక్కి, చచ్చిపోయిన వాళ్లమ్మతో మాట్లాడేవాడు. మాకు హడలే! దీనికి ఆ మత్తు లేదు. అట్టాంటి విషానికే ఆయన దణ్ణం పెడితే, దీనికి పెట్టొద్దా?"

జగ్గయ్యపేటలో దిగాక ఆవిడ తన దారిన వెళ్లిపోయింది. నేను ఆవిడ పేరు కూడా అడగలేదు.

మొన్న నేను ఇన్‌హేలర్ కళ్లకద్దుకోవడం చూసి మా డాక్టరు నవ్వాడు. "ఏ దేవుడికండీ?"

"దేవుడికి కాదండీ. ఆటోలో పక్కసీటావిడకి," అన్నాను.