జేబు మాస్టారి తొమ్మిది పిడులు

ఏసీ మెకానిక్కుల్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన జేబు మాస్టారే. ఎక్కడ నలుగురు కనిపించినా పాఠం చెబుతాడు కాబట్టి మాస్టారు, ఆ పాఠం ఎప్పుడూ జేబు గురించే కాబట్టి జేబు. వయసు యాభై నాలుగు, అనుభవం ముప్ఫై ఏళ్ళు, వచ్చిన పాఠం ఒక్కటి. ఆ ఒక్కటీ సగమే వచ్చునన్న సంగతి ఆయనకి ఈమధ్యనే తెలిసింది. ఇప్పుడీ కథ ఆయనే ఊరంతా చెప్పి నవ్విస్తున్నాడు. వేరేవాళ్ళు చెబితే ఇంకా ఘోరంగా చెబుతారని ఆయన భయం.

పాఠం ఇదీ. ఇంటి బయట ఉండే ఏసీ యూనిట్ పక్కన గోడకి ఒక బూడిదరంగు డబ్బా ఉంటుంది. దాన్ని వీళ్ళు కటాఫ్ డబ్బా అంటారు. మూత ఎత్తితే లోపల అరచేతిలో పట్టేంత నల్లటి పిడి ఉంటుంది. గట్టిగా లాగితే ఊడి చేతికొస్తుంది, బయటి యూనిట్‌కి కరెంటు తెగిపోతుంది. మళ్ళీ గుచ్చితే వస్తుంది. ఇందులో తెలియకపోవడానికి ఏమీ లేదు. ప్రమాదమల్లా ఆ లాగిన పిడిని యూనిట్ మీదో గోడ మీదో పెట్టడంలో ఉంది. లోపల ఇంటాయనకి ఉక్క పోస్తుంది, బయటికొస్తాడు, పిడి కనిపిస్తుంది, పాపం ఊడిపోయిందేమోనని సాయంగా గుచ్చేస్తాడు. అప్పటికి మెకానిక్ చేతులు తీగల మధ్య ఉంటాయి. మాస్టారికి పని నేర్పిన గురువుగారి కుడిచేతి వేళ్ళు రెండు వంకరపోయింది అలాగే. “పీకిన పిడి నీ జేబులో ఉంటే నీ ప్రాణం నీ జేబులో ఉన్నట్టు” అని ఆయన ఆ వేళ్ళు చూపించి మరీ చెప్పారు.

మాస్టారు ఆ మాటని నమ్మాడు, పాటించాడు, ప్రచారం చేశాడు. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని కూడా ఒకసారి మొదలుపెట్టాడు. డాక్టరు దూది కుక్కి ఆపవలసి వచ్చింది.

ఇంత తెలిసిన మనిషికి రెండు బాధలుండేవి. మొదటిది చిన్నది. పాత ఇళ్ళవాళ్ళు కొందరు చెప్పా పెట్టకుండా ఆయన్ని పిలవడం మానేశారు. చలికాలంలో సర్వీసు చేయించుకుంటారు, ఎండలు ముదిరేసరికి వాళ్ళ పెరట్లో ఇంకో మెకానిక్ కనిపిస్తాడు. లోకంలో విశ్వాసం అడుగంటిపోయిందని మాస్టారు తీర్మానించాడు. తప్పు తన వైపు ఉండొచ్చేమోనన్న ఆలోచన ఆయన దరిదాపులకి రాలేదు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

రెండో బాధ పెద్దది. అక్క ఆయన్ని ఇంటికి రమ్మనడం మానేసి రెండేళ్ళయింది.

అక్క ఆయనకంటే పదేళ్ళు పెద్దది. అమ్మ బట్టల మిల్లులో షిఫ్టులు చేసేది కాబట్టి తమ్ముణ్ణి పెంచింది అక్కే. వాడికి చిన్నప్పట్నుంచీ చేతికందింది జేబులో వేసుకునే అలవాటు. దొంగతనం కాదు, మతిమరుపు. బడి నుంచి రాగానే గుమ్మంలో ఆపేసి, “జేబులు” అనేది అక్క. వాడు చేతులు పైకెత్తి నిలబడేవాడు. సుద్దముక్కలు, మేకులు, పక్కింటివాళ్ళ తాళంచెవి, ఓసారి ఆటల మాస్టారి ఈల కూడా బయటపడ్డాయి. అక్క వాడి చెయ్యి పట్టుకుని వెళ్ళి ఎవరివి వాళ్ళకి ఇప్పించి వచ్చేది. అంతటి అక్క, ఈయన ఫోన్ చేస్తే ఇప్పుడు పొడిపొడిగా మాట్లాడి, పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేస్తోంది. వస్తానంటే ఇంట్లో సున్నాలు వేయిస్తున్నామనేది. రెండేళ్ళుగా సున్నాలు వేస్తున్న ఇల్లు లోకంలో ఎక్కడా ఉండదు.

కారణం ఏమిటా అని మాస్టారు చాలా ఆలోచించాడు. ఆఖరిసారి వెళ్ళింది ఒక చలికాలం శనివారం. అక్క అల్లిన నీలం స్వెటర్ ఇచ్చింది. ప్రతిగా ఈయన ఏసీని పూర్తిగా విప్పి, కడిగి, బిగించి, “ఇంక పదేళ్ళ వరకు దీని మీద ఈగ వాలదు, నాదీ పూచీ” అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. మరి తప్పెక్కడ జరిగింది? వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. బావ జుట్టుకి కొత్తగా రంగు వేసుకుంటే, “బావా, చెవులకి కూడా అంటింది” అని నవ్వాడు. అదే అయి ఉంటుంది. మొగుణ్ణి అన్నందుకు అక్క మనసు కష్టపెట్టుకుంది. రెండేళ్ళ పాటు ఆయన ఆ రంగు గురించి కుమిలిపోయాడు. నాలుగుసార్లు క్షమాపణ చెబుదామనుకుని, నాలుగుసార్లూ మానేశాడు. రంగు గురించి మళ్ళీ ఎత్తితే ఇంకా కోపమొస్తుందేమోనని భయం.

ఈ ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆయన కుర్చీలో కూర్చుని ఇంకో పాత ఇల్లు చెయ్యిజారిన సంగతి చెబుతూ మనుషుల్ని తిడుతున్నాడు. భార్య అలమారు సర్దుతోంది. ఆవిడ లైబ్రరీలో గుమాస్తా. చేతిలోకి వచ్చిన ప్రతి వస్తువుకీ తేదీ వేసి చీటీ అంటించకపోతే ఆవిడకి నిద్రపట్టదు. పై అరలోంచి ఒక పాత బిస్కట్ల డబ్బా తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

“ఇది నిండిపోయిందండీ. మీ స్పేర్ సామాను షాపులో పెట్టుకుంటారా, ఇంకో డబ్బా చూడమంటారా?”

మూత తీస్తే లోపల నల్లటి పిడులు. ఒకటి కాదు, రెండు కాదు, తొమ్మిది. ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ, చీటీ మీద గుండ్రటి అక్షరాలతో తేదీ.

ఎక్కడివని అడిగాడు. మీ చొక్కాలు ఉతకబోతే జేబుల్లో దొరికినవేనంది. మరి తనకెందుకు చెప్పలేదని కాస్త గట్టిగానే అడిగాడు.

“మొదటిసారి అడిగానండీ, ఇదేమిటని. పిడి జేబులో ఎందుకు ఉండాలో మీరు గంటసేపు చెప్పారు. నా చేతిలో ఉన్నదాని వంక చూడను కూడా లేదు. జేబులో ఉండాల్సిందేనేమో అనుకున్నా.”

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పిడులు ఇంట్లో పెట్టుకుని ఆయన ఇన్నాళ్ళూ లోకంలో విశ్వాసం వెతుకుతున్నాడు. చలికాలంలో వెళ్ళి, పిడి పీకి, జేబులో వేసుకుని, సర్వీసు చేసి, ఇచ్చిన టీ తాగి వచ్చేశాడు. చలికాలం కాబట్టి ఎవరూ ఏసీ వెయ్యలేదు. ఎండలొచ్చాక వేస్తే లోపల గాలి వస్తుంది కానీ చల్లదనం రాదు. వాళ్ళు వేరే మెకానిక్‌ని పిలుస్తారు. అతను కటాఫ్ డబ్బా మూత ఎత్తి, ఎవరండీ ఇంతకు ముందు వచ్చిన మహానుభావుడు అని అడిగి ఉంటాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు గురువుగారు ఆ మాట తర్వాత ఇంకేదో కూడా చెప్పారు. పని అయ్యాక ముందు జేబు తడుముకో, తర్వాతే టీ గ్లాసు పట్టుకో అన్నట్టున్నారు. ఈయన మొదటి సగమే బట్టీ పట్టే హడావుడిలో రెండో సగం వినలేదు.

ఒక్కో చీటీ తిప్పి చూశాడు. ఆరోది మాత్రం రెండుసార్లు చదివాడు. రెండేళ్ళ క్రితం శనివారం. తేదీ కింద, “వదినగారి ఇంటి నుంచి. నీలం స్వెటర్‌తో పాటు” అని రాసి ఉంది.

ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. డబ్బా సంచిలో వేసుకుని స్కూటర్ తీశాడు.

బావ తలుపు తీశాడు. బనియను, మెడలో తడి తువ్వాలు, చేతిలో మడిచిన పేపరు. రంగు మానేసినట్టున్నాడు, జుట్టు తెల్లగా ఉంది. గదిలో స్టూలు మీద చిన్న ఫ్యాన్ వేడిగాలిని అటూ ఇటూ తిప్పుతోంది. దానికి ఎదురుగా, తడి గుడ్డ మెడకి చుట్టుకుని అక్క కూర్చుంది. తమ్ముణ్ణి చూడగానే లేచి, గోడకున్న ఏసీకి అడ్డంగా నిలబడింది. టీవీ పక్కనున్న రిమోట్ తీసి చీర కొంగు కింద పెట్టుకుంది.

“ఇప్పుడే ఆపాంరా” అంది. “బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మరీ చల్లబడిపోతుంటే మీ బావకి జలుబు చేస్తుందని ఆపాం.”

బావ ఏదో అనబోయాడు. అక్క ఒక్క చూపు చూసింది. బావ పేపరుతో విసురుకోవడం మొదలుపెట్టాడు, నుదుటి మీంచి చెమట కళ్ళలోకి కారుతోంది.

మాస్టారు నేరుగా పెరట్లోకి నడిచాడు. కటాఫ్ డబ్బా మూత ఎత్తాడు. పిడి ఉండాల్సిన చోట ఖాళీ. అందులో సాలీడు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్ళకి కూడా గూళ్ళు కట్టించింది. బ్రష్‌తో అంతా తుడిచి, ఆరో పిడి చీటీ విప్పి గుచ్చాడు. లోపలికొచ్చి అక్క కొంగు కింది రిమోట్ అడిగి తీసుకుని నొక్కాడు. కాసేపటికి బయట యూనిట్ గుర్రుమంది, లోపల చల్లగాలి మొదలైంది. బావ తువ్వాలు తీసేసి, ఏసీ కింద నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

మాస్టారు బిస్కట్ల డబ్బా తెరిచి చూపించి, జరిగిందంతా చెప్పాడు. చెప్పుకుంటే సిగ్గుచేటు, కానీ నిండా మునిగాక చలేమిటి. ఆఖర్న, నాకెందుకు చెప్పలేదక్కా అని అడిగాడు.

“ఎలా చెప్పనురా? పదేళ్ళు నాదీ పూచీ అని అంత సంబరంగా చెప్పి వెళ్ళావు. మూణ్ణెల్లకే చెడిపోయిందంటే నీ మొహం ఎంత చిన్నబోతుంది? తమ్ముడు మెకానిక్ అయి ఉండి పరాయివాణ్ణి పిలిస్తే నీ పరువేం కాను? రమ్మంటే వచ్చీ రాగానే రిమోట్ నొక్కుతావు. అందుకే రమ్మనలేదు.”

రంగు సంగతి కూడా అడిగేశాడు. ఏ రంగు అని అడిగింది అక్క.

రెండు ఎండాకాలాలు. తన మొహం చిన్నబోకూడదని ఇద్దరూ ఈ గదిలో ఉడికిపోయారు. తనేమో అక్కకి కోపమొచ్చిందని ఊరందరికీ చెప్పుకున్నాడు. ఆయనకి ఏడుపొచ్చింది. దాన్ని ఎవరూ చూడకూడదని, రెండేళ్ళ దుమ్ముంది, కడిగేస్తానని మళ్ళీ పెరట్లోకి వెళ్ళిపోయాడు. పైపు పెట్టి యూనిట్ శుభ్రంగా కడిగాడు. ఇంత శ్రద్ధగా ఆయన ఎప్పుడూ ఏ యూనిట్‌నీ కడగలేదు. అది ఓ పావుగంట ఆరాలి కదా అని లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. అక్క టీ ఇచ్చింది. చిన్నప్పటి ఈల కథ వచ్చింది, బావ రెండేళ్ళ సెగనంతా మాటల్లో తీర్చుకున్నాడు, అందరూ నవ్వారు. పావుగంట గంటన్నర అయింది. మాస్టారు సంచి భుజాన వేసుకుని లేచాడు. మిగిలిన ఎనిమిది ఇళ్ళకీ వెళ్ళి ఎవరి పిడి వాళ్ళకి ఇచ్చి తప్పు ఒప్పుకుంటానన్నాడు.

గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి అక్క గొంతు వినిపించింది.

“ఒరేయ్. జేబులు.”

యాభై నాలుగేళ్ళ మాస్టారు ఆలోచించకుండానే చేతులు రెండూ పైకెత్తాడు. అక్క ఎడమ జేబు తడిమింది, టేపు చుట్ట. కుడి జేబు తడిమింది. కడిగేముందు పీకిన పిడి, ఇంకా తడిగా.

బావ ఏసీ కింద నిలబడి, అందుకా మళ్ళీ ఉక్కపోస్తోంది అన్నాడు. అక్క పిడిని తమ్ముడి చేతిలో పెట్టి, భుజాలు పట్టి పెరటివైపు తిప్పింది. వాడు వెళ్ళి గుచ్చి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి, యూనిట్ తిరిగిన చప్పుడు విని, చెప్పులు వేసుకుంది.

“పద, ఆ ఎనిమిదిళ్ళకీ నేనూ వస్తాను. నిన్నొక్కణ్ణే పంపిస్తే మళ్ళీ తొమ్మిదవుతాయి.”

మాస్టారు స్కూటర్ స్టార్ట్ చేశాడు. అక్క వెనక కూర్చుని, డబ్బా తన ఒళ్ళో పెట్టుకుంది.