ఇల్లంతా పిస్తా రంగు వేయించిన ఏడు

మొన్న మా కోడలు తన ఫోన్ నా చేతికిచ్చి, హాల్లో ఏ గోడకు ఏ రంగు బాగుంటుందో చూసి చెప్పమంది. చూస్తే అందులో ఉన్నది మా హాలే, మా సోఫా, మా గోడ గడియారం, కుర్చీ మీద నేను ఆరేసుకున్న తువ్వాలుతో సహా. ఆమె వేలితో ఇటు జరిపితే గోడ నారింజ రంగుకు మారింది, అటు జరిపితే బూడిద రంగయింది, పైకప్పు చూస్తుండగానే నీలమై మళ్ళీ తెల్లబడింది. కుంచె లేదు, నిచ్చెన లేదు, నేల మీద ఒక్క చుక్క పడలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. దుకాణంవాళ్ళు ఇచ్చిన రంగుల పుస్తకంలో ఒక్క తెలుపుకే పేజీలకు పేజీలున్నాయి.

"జిందగంత రంగులల్లనే గడిపిన్రు గద మామయ్యా, మీరే చెప్పున్రి," అంది కోడలు. మీకు నచ్చింది వేసుకోండమ్మా అని ఫోన్ తిరిగి ఇచ్చేశాను. బెట్టు చేస్తున్నాననుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నిజానికి నా జన్మలో ఒకే ఒక్కసారి ఒక ఇంటికి రంగు ఎంచాను. అది మా ఇల్లే. ఆ తర్వాత ఎవరి గోడ గురించీ అభిప్రాయం చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఆ రోజుల్లో సిద్దిపేట బజారులో మా మేనమామకు ఒక మ్యాచింగ్ సెంటర్ ఉండేది. చీరలు అమ్మేవాళ్ళం కాదు, చీరలకు సరిపోయే రవికె గుడ్డలు మాత్రమే అమ్మేవాళ్ళం. మా బాపు పోయాక, చదువు మీద పెద్దగా ధ్యాస లేని నన్ను మామ తీసుకెళ్ళి కౌంటరు వెనక నిలబెడితే, చిత్రంగా ఆ పని నాకు పట్టుబడింది. మిరుదొడ్డి నుంచీ, తొగుట నుంచీ బస్సు దిగి వచ్చిన ఆడవాళ్ళు సంచిలోంచి చీర తీసి పరిస్తే, ఒకసారి చూసి వెనక్కి తిరిగి, అన్ని తాన్ల మధ్య నుంచి ఆ రంగు తానును లాగేవాణ్ణి. ట్యూబ్‌లైటు కింద ఒకటిగా కనబడిన రెండు గుడ్డలు ఎండలోకి వెళ్తే వేరుపడతాయని నా వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అందుకని రెండింటినీ పట్టుకుని దుకాణం మెట్లు దిగి రోడ్డు మీద వెలుతుర్లో పక్కపక్కన పెట్టి చూపేవాణ్ణి. చీర ఎక్కడ ఆగిందో రవికె ఎక్కడ మొదలైందో తెలియకూడదు, అదీ మా పనితనం. ఇరవై మూడేళ్ళకే నా కంటికి బజారులో పేరొచ్చింది. ఆ పేరు నెత్తికెక్కింది కూడా.

మా ఇల్లు పెంకుటిల్లు, మూడు గదులు రైలుపెట్టెల్లా వరసగా ఉండేవి, చివరిది వంటిల్లు. ఏటా దసరా ముందు సున్నం గడ్డలు గోలెంలో నానేసి, అవి కుతకుత ఉడికి చల్లారాక వడగట్టి, కొంచెం నీలిమందు కలిపి గోడలకు వేసేవాళ్ళం. గోడ అడుగున జానెడు ఎత్తున జాజు పట్టీ ఉండేది. జాజంటే ఎర్రమట్టి, నీళ్ళలో కలిపి గుడ్డతో అద్దుతారు. దర్వాజలకు ముదురాకుపచ్చ, గడపలకు పసుపు, పైన చెక్కల కప్పుకు తెల్ల సున్నం, దాని నడుమ పొడుగునా పోయే దూలానికి నల్ల రంగు. తాత కాలం నుంచీ అవే రంగులు. ఎవరూ ఎంచింది లేదు, ఎవరూ మార్చింది లేదు.

నాకు మిరుదొడ్డి పిల్లతో పెళ్ళి కుదిరినప్పుడు ఆ ఇల్లు నా కంటికి మరీ పాతగా కనబడింది. ఒక ఇంట్లో ఇన్ని రంగులా అనిపించింది. పిస్తా రంగు తాను నుంచి బెత్తెడు ముక్క కత్తిరించుకుని, మా వాడకట్టులో రంగులు వేసే కాక దగ్గరకు పట్టుకెళ్ళాను. గోడలకు డిస్టెంపరు, దర్వాజలకు ఆయిల్ పెయింటు, లోపలి గడపలు, దూలం, కప్పు చెక్కలు, అన్నీ ఈ ఒక్క రంగులోనే ఉండాలన్నాను. కాక మంచి పనివాడు, పెంకు ముక్క మీద రంగు రాసి ఎండలో ఆరబెట్టి, నా గుడ్డ ముక్క పక్కన పెట్టి, తేడా ఉంటే మళ్ళీ కలిపేవాడు. నాలుగైదు పెంకులు పాడయ్యాక కుదిరింది. కానీ ఆయనకు మనసొప్పలేదు.

"అంచు లేని చీరె ఎవరన్న కడ్తర్రా? గోడకు గూడ ఒక అంచుండాలె," అన్నాడు. మ్యాచింగ్ అంటే ఇదే కాకా, నీకు తెలియదులే అన్నాను. మా అమ్మను నేను అవ్వ అనే పిలిచేవాణ్ణి. అవ్వ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, ఉన్నదే మంచిగున్నది గద బిడ్డా, జాజన్న ఉండనియ్యి అంది. కొత్త కోడలు పల్లెటూరి కొంప అనుకుంటుందని నేను నవ్వేశాను. అవ్వ ఇంకోసారి అడగలేదు.

పెళ్ళికి వచ్చిన చుట్టాలందరూ ఇల్లు చూసి ముక్కున వేలేసుకున్నారు. గోడ ఎక్కడో, తలుపు ఎక్కడో తెలియనంత నున్నగా ఒకే తాను నుంచి కత్తిరించినట్టుందని మా మేనమామ పదిమందికి చెప్పాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పెళ్ళి సందడి అణిగాక అవ్వ మారిపోయింది. పొద్దున నాకంటే ముందు లేచి వాకిలి ఊడ్చి, నేను దుకాణానికి వెళ్ళేలోగా వంట చేసి, ముందు గది వరకూ వచ్చి సాగనంపే మనిషి వంటింట్లోంచి బయటకు రావడం దాదాపు మానేసింది. మా ఇంటామె మంచినీళ్ళు అందిస్తే పక్కకు చెయ్యి చాచి గ్లాసు కింద పడేసింది. ముందు గదిలోకి రమ్మని పిలిస్తే రానంది. ఒకరోజు దర్వాజకు భుజం కొట్టుకుని, అందరి ముందూ కోపంగా, "నా ఇంట్ల నేనే కొత్తదాన్నయిన," అంది. కొత్త కోడలు వచ్చాక అత్తల నోట వచ్చే మాట అది. ఆ పిల్ల ఏమనుకోవాలి? నేనూ అదే అనుకున్నాను. కొడుకును పంచుకోవడం కష్టంగా ఉందేమోననుకుని, చిన్నపిల్లలా మొండికేస్తున్నావేందని అవ్వను గట్టిగానే అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆషాఢం దగ్గరపడింది. పుట్టింటికి పోవలసిన నెల అది. మా ఇంటామె పెట్టె సర్దుకుంటూ, అత్తమ్మ తనంతట తాను పిలిస్తేనే మళ్ళీ వస్తానని మెల్లగా చెప్పింది. ఏడవలేదు, గొడవ పడలేదు, అందుకే నాకు భయమేసింది. ఇంట్లో ఉన్నది ముగ్గురం, నెల తిరిగేసరికి ఇద్దరమే మిగిలేట్టున్నాం.

ఆ మధ్యాహ్నమే నాకు గోడ మీద మరకలు కనబడ్డాయి. పసుపూ నూనే కలిసిన వేళ్ళ గుర్తులు, నడుము ఎత్తున, ఒకదాని వెనక ఒకటి, వంటింటి నుంచి నడిమింటి మీదుగా ముందు గది దాకా. నెల తిరగని రంగు అది. నా ప్రాణం ఉసూరుమంది. ఎవరు చేశారిది అని కేకలేశాను. మా ఇంటామె బట్టలు సర్దడం ఆపి లేచి వచ్చింది. మరకల్ని చూసింది. తన చెయ్యి మొదటి మరక మీద పెట్టి, రెండోదాని మీద పెట్టి, అట్లా ఒక్కొక్క గుర్తు మీదా చెయ్యి వేస్తూ వంటింటి దాకా నడిచింది. నడుస్తూ నడుస్తూ ఒకచోట కళ్ళు మూసుకుంది. తిరిగి వచ్చి నా ముందు నిలబడింది.

"అత్తమ్మకు కండ్లు కనవడ్తలేవు," అంది.

నేను నమ్మలేదు. ఎట్లా నమ్ముతాను? రోజూ ఆమె చేతి అన్నం తిన్నవాణ్ణి. ఇద్దరం వెళ్ళి అవ్వ ముందు కూర్చున్నాం. కొంగుతో పీట తుడుస్తూ చెప్పింది. మూడేళ్ళయిందట. బాపు పోయిన ఏడాదే మొదలయిందట. ముఖాలు పోయాయి, బియ్యంలో రాళ్ళు పోయాయి, సూది బెజ్జం పోయింది. రంగులు మాత్రం మిగిలాయి.

"ఎర్రగ కనవడ్డంత దూరం గోడ బిడ్డా. ఎరుపు ఆగిన కాడ తొవ్వ. పచ్చగ ఉంటె దర్వాజ, పసుపుంటె గడప, కాలు ఎత్తాలె. తల పైకెత్తితె తెల్లటి దాంట్ల నల్లగ దూలం, దాని ఎంబడి పోతె వంటిల్లే. నువ్వు రంగేసినంక ఇల్లంత పొగమంచు లెక్కయింది."

మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదవ్వా అని అడిగాను. "కండ్లు లేనామె ఇంటికి పిల్లనెవరిస్తరు?" అంది, అది ఎవరికైనా తెలిసిన సంగతే అన్నట్టు.

దారం ఎక్కియ్యి బిడ్డా, నడుము వంగుతలేదు అని సూది నా చేతికిచ్చిన రోజులు, బియ్యం ఏరమని పక్కింటామెకు చేట అందించిన రోజులు, నేను కొత్త గుడ్డ తెచ్చి రంగెట్లా ఉందని అడిగితే బొటనవేలితో రుద్ది నేత మంచిగున్నదన్న రోజులు, ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఆమె ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు, నిజం కూడా చెప్పలేదు. మూడేళ్ళపాటు నాలుగైదు రంగుల ఆధారంతో ఒక ఇల్లు నడిపింది, పెళ్ళిచూపులకు వచ్చిన వియ్యాలవారికి తన చేత్తో చాయ్ అందించింది. రంగుల మనిషినని బజారంతా తిరిగిన నాకు రంగు ఎందుకుంటుందో తెలియలేదు, తెలిసినామె నా ఎదురుగానే ఉంది.

మర్నాడు పట్నంలో కంటి దవాఖానకు తీసుకెళ్ళాం. నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు రాదనీ, మందులతో ఉన్నదాన్ని కొన్నాళ్ళు నిలుపుకోవచ్చనీ చెప్పారు. తిరుగు బస్సులో అవ్వ మా ఇద్దరి మధ్యా కూర్చుని, ఒక చెయ్యి నాకూ ఒక చెయ్యి కోడలికీ ఇచ్చి నిద్రపోయింది. ఆషాఢానికి పుట్టింటికి పోయే ఊసు మా ఇంట్లో మళ్ళీ రాలేదు. మిరుదొడ్డి నుంచి మనిషొస్తే, మా అత్తమ్మకు ఇంట్ల పనున్నది, వచ్చే ఏడు చూస్తమని మా ఇంటామే చెప్పి పంపింది.

ఇక రంగు ఎంచే పని మళ్ళీ మొదలయింది, ఈసారి ఎంచింది అవ్వ. కాక సంగతి విని, పది పన్నెండు పెంకు ముక్కలకు తలా ఒక రంగు రాసి తెచ్చాడు. అవ్వను వంటింటి గుమ్మంలో నిలబెట్టి, ముందు గది గోడకు ఒక్కొక్క పెంకు ఆనించి చూపించాడు. నీలం చూపిస్తే లేదంది. ఖరీదైన మెరూన్ ఆయిల్ పెయింటు చూపిస్తే, ఏదో మెరుస్తున్నది, కండ్లకు గుచ్చుకుంటున్నది అంది. చివరికి మా ఇంటామె వంటింట్లోంచి గిన్నెలో తడిపిన జాజు తెచ్చి, నా పిస్తా గోడ మీదే గుడ్డతో ఒక గీత గీసింది. "ఆఁ, గదే! గదే గోడ!" అని అవ్వ చిన్నపిల్లలా చెయ్యి చాపింది. కాక పెంకులు ఏరుకుంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నేనే నా చేతులతో ఆ పిస్తా రంగు గీకి సున్నం వేశాను. మా ఇంటామె జాజు అద్దింది. దర్వాజలు పచ్చబడ్డాయి, గడపలు పసుపెక్కాయి, కాక దూలానికి నలుపు వేసి, ఈసారి కొంచెం వెడల్పుగానే వేశాడు. అంతా ఆరాక, సాయంత్రం, అవ్వ వంటింట్లోంచి పళ్ళెంలో నాలుగు చాయ్ గ్లాసులు నిండుగా పెట్టుకుని బయల్దేరింది. గోడను ముట్టుకోలేదు. నడిమింట్లో ఒకసారి తల పైకెత్తింది, గడప దగ్గర కాలు ఎత్తింది, తిన్నగా వచ్చి మా ముందు నిలబడింది. పళ్ళెంలో ఒక్క చుక్క తొణకలేదు. దేవుణ్ణి చూసినా అంత ఆశ్చర్యపోనేమో. ముగ్గురం లేచి నిలబడ్డాం, ఎందుకు లేచామో మాకే తెలియదు.

అవ్వ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికింది. ఏటేటా ఆ జాజు పట్టీ పెరిగింది, జానెడల్లా మూరెడయింది, మూరెడల్లా నడుము ఎత్తయింది. ఒక దసరాకు మా ఇంటామె గీత గీసి కనవడ్తుందా అత్తమ్మా అని అడిగితే, అవ్వ చాలాసేపు ముఖం అటే పెట్టి, "ఇగ నా కోసం ఎయ్యకున్రి బిడ్డా, మీకు నచ్చింది ఏసుకోన్రి," అంది. మేం ఆ ఏడూ జాజే వేశాం. ఆమె ఉన్నన్నాళ్ళూ అదే వేశాం.

ఆ పెంకుటిల్లు పోయి మేడయింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి రంగు వాళ్ళది. మనవరాలికి వంగపండు రంగు, కొడుక్కి బూడిద రంగు. ముచ్చటగానే ఉన్నాయి, నేను వంక పెట్టడం లేదు. ఈ కొత్త రంగుల మీద మరక నిలవదట, తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఆనవాలు లేకుండా పోతుందట. దుకాణంవాళ్ళు అదే గొప్పగా చెప్పారు, కోడలూ సంబరపడింది. నాకెందుకో ఆ మాట దిగులు పుట్టించింది. మరకల వెంట నడిచి మనిషిని చేరుకున్న మా ఇంటామె నాలుగేళ్ళ కింద పోయింది.

కోడలు ఫోన్‌లో మార్చి మార్చి చూపిన రంగుల్లో కొన్ని నాకు ఒకటిగానే కనబడ్డాయి. ఆమె వెళ్ళాక ఆ రంగుల పుస్తకాన్ని కిటికీ దగ్గరకు, వెలుతుర్లోకి పట్టుకుపోయి చూసినా అంతే. ఇంకా ఎవరికీ చెప్పలేదు.