ఉంగరాల జుట్టుకు ఇస్త్రీ

మా పెద్దమ్మ ఎవరినీ నమ్మదు. పాలు పోయించుకున్నాక గిన్నెను వెలుతురులో వంచి చూస్తుంది. వాన వచ్చేలా ఉందని ఎవరైనా అంటే ఊఁ కొట్టదు, బయటికి వెళ్ళి తలెత్తి తనే చూసుకుని వస్తుంది. వీధిలో అందరూ ఆమెను డిటెక్టివ్ పెద్దమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు ఎవరు పెట్టారో కూడా తెలుసునట, సమయం వచ్చినప్పుడు చెబుతుందట.

ఆమె పని బట్టల ఇస్త్రీ. వీధి వైపు గదిలో, కిటికీ పక్కన పొడుగాటి బల్ల, దాని మీద పాత దుప్పటి, బరువైన ఇస్త్రీ పెట్టె, ఓ మూలన నీళ్ళ గిన్నె. వేళ్ళతో నీళ్ళు చిలకరించడం, పెట్టె ఆనించడం, మడతపెట్టడం అన్నీ చేతులే చేసుకుపోతాయి, కళ్ళు మాత్రం వీధిలో ఉంటాయి. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఓ తెల్లగుడ్డ ముక్క మీద పెట్టెను ఆనించి చూస్తుంది. నిన్న బాగున్న పెట్టె ఇవాళ బాగుంటుందని నమ్మకమేమిటని ఆమె వాదన. ఎప్పుడైనా పొరపాటున ఎవరి గుడ్డయినా కాలితే, ఆ మచ్చ పైకి కనిపించేలా మడిచి, చూపించి మరీ ఇస్తుంది. మచ్చను లోపలికి మడిచి ఇచ్చేవాళ్ళు ఆమె లెక్కలో దొంగలే.

అలాంటి మనిషి ఇంట్లో ఓ మధ్యాహ్నం కాలిన వాసన వచ్చింది. మేం పై వాటాలో ఉంటాం. ఆ పూట నేను కిందికి దిగి, ఆమె బల్ల దగ్గర కూర్చుని కబుర్లు చెబుతున్నాను. పెద్దమ్మ చప్పున స్విచ్ కట్టేసింది. పెట్టె అడుగు చూసింది. మడతపెట్టిన చొక్కాలన్నీ విప్పి చూసింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసి వచ్చింది. తర్వాత నా వైపు తిరిగి ఓసారి వాసన పీల్చింది, నేనేదో జేబులో నిప్పు పెట్టుకుని తిరుగుతున్నట్టు. ఇది గుడ్డ వాసన కాదని తేల్చి, మూసి ఉన్న లోపలి గది తలుపు వైపు చూసింది.

అప్పుడే తలుపు తీసుకుని ఆమె కూతురు, మా చెల్లి, బయటికి వచ్చింది. నాకు ఒక్క క్షణం ఎవరో అనిపించింది. పుట్టిన నాటి నుంచి దానిది ఒత్తయిన ఉంగరాల జుట్టు, దువ్వెన దిగితే మళ్ళీ పైకి రాదు. ఆ జుట్టు ఇప్పుడు సాఫీగా, నిగనిగలాడుతూ నడుము దాకా వాలి ఉంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. అది అద్దంలో తనను తాను చూసుకుని నవ్వుకుంటోంది. మమ్మల్ని చూడగానే ఎవరూ అడగకుండానే, నేనేం కాల్చలేదంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

పెద్దమ్మ వెతికింది. దుప్పట్ల కింద దొరికింది వస్తువు. పట్టకారులా ఉంది, లోపల నున్నటి పలకలు. వెంటనే స్విచ్ వేసి తన తెల్లగుడ్డ ముక్కను వాటి మధ్య పెట్టి నొక్కింది. గుడ్డ మీద గోధుమరంగు చార పడింది. సిల్కుకే ఇంత వేడి తగలనివ్వను, నీ తలకు పెట్టుకుంటావా అంది. ఆమెను భయపెట్టింది మాత్రం ఆ చార కాదు, కూతురి నవ్వు. తన జుట్టు తనకు నచ్చదని పిల్లకు ఎవరో నేర్పారు. ఎవరు?

అనుమానం మొదట ఓ కుర్రాడి మీదికి పోయింది, కుర్రాడెవరూ దొరకలేదు. తర్వాత చెల్లి పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం మీదికి పోయింది. చెల్లి అక్కడ వెనక గదిలో పెట్టెలు విప్పి ఫ్రేములు సర్దుతుంది. వెనక గదిలోని అమ్మాయిల్లోంచి ఒకరిని కౌంటర్లోకి తీసుకుంటారట, వచ్చే వారం పిలిచి మాట్లాడతారట. ఆ కౌంటర్ మీద అది పంచప్రాణాలూ పెట్టుకుంది. జుట్టు గురించి దుకాణంలో ఎవరేమన్నారని పెద్దమ్మ ఎన్ని రకాలుగా అడిగినా, ఎవరూ ఏమీ అనలేదని ఒకటే మాట. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాను చూడు అంది పెద్దమ్మ నాతో.

మర్నాడు నన్ను తోడు తీసుకుని వీధి చివర బ్యూటీ పార్లర్‌కు వెళ్ళింది, విచారణకు. పార్లర్ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఆ పట్టకారుతో పని చిటికెలో అయిపోతుంది, చూడ్డానికి తీరుగా ఉంటుంది, నలుగురిలోకి వెళ్ళడానికి ధైర్యం వస్తుంది. కాకపోతే రోజూ చేస్తే జుట్టు ఎండిపోతుంది, కొసలు చిట్లుతాయి, దువ్వితే తెగిపోతుంది. వేడి తక్కువ పెట్టుకోవాలి, ముందు దానికోసం అమ్మే స్ప్రే కొట్టుకోవాలి, అన్నిటికంటే ముఖ్యం, జుట్టు పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి మీద పెడితే లోపలి నీరు మరిగి వెంట్రుక కాలిపోతుంది.

"మరి నువ్వెందుకు పెట్టుకోలేదమ్మా?" అంది పెద్దమ్మ.

ఆ అమ్మాయి చెవుల దాకా కత్తిరించిన తన జుట్టు తడుముకుని, ఒకప్పుడు రోజూ పెట్టుకునేదాన్ని ఆంటీ, అందుకే ఇలా కత్తిరించుకోవాల్సి వచ్చింది అని నవ్వింది. నాకు ఆ అమ్మాయి మాట నిజమనిపించింది. పెద్దమ్మకు అనిపించలేదు. వస్తూ దారి పొడుగునా అదే గొణుగుడు. తడి లేకుండా ముడత ఎక్కడైనా పోతుందా, ఇంట్లో మనం పాడుచేసుకుని తన దగ్గరికి పరిగెత్తుకు రావాలని తిరకాసుగా చెప్పింది, స్ప్రే అమ్ముకోవడానికి ఎత్తు అంది. ఇన్నేళ్ళుగా ముడతలు తీస్తున్న మనిషికి ముడతల గురించి నేనేం చెబుతాను?

దుకాణంలో పిలిచిన రోజు ఉదయం చెల్లి ముందువైపు జుట్టు తనే సాపు చేసుకుంది. మొన్న వెనకవైపు చెయ్యి సరిగా అందకే కాస్త కాలిందట. అమ్మనే అడిగింది. పెద్దమ్మ ఎలాగూ ఆ వస్తువును దాని చేతిలో ఉంచడానికి ఇష్టపడలేదు కాబట్టి సరేనంది. నేను అద్దం పట్టుకుని నిలబడ్డాను. వేడి బాగా తగ్గించింది, తెల్లగుడ్డ మీద ఆనించి చూసుకుంది, మచ్చ పడలేదు. అంతా జాగ్రత్తే. తర్వాత ఆ చెయ్యి, అలవాటైన చెయ్యి, నీళ్ళ గిన్నెలోకి వెళ్ళింది. ఓ పాయ మీద చిలకరించింది. గట్టిగా నొక్కి పట్టింది.

చుయ్యిమంది. ఆవిరి లేచింది. మొన్నటి వాసనే, ఈసారి గదంతా. పట్టకారు తీసేసరికి పాయలో కొంత దానికే అంటుకుని వచ్చేసింది. మిగిలింది చీపురు కొసలా బిరుసుగా నిలబడింది.

చెల్లి ఏడవలేదు. అద్దంలోకి చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ అనుమానం మాత్రం ఆగలేదు.

"ఇప్పుడైనా చెప్పవే. నీ జుట్టు బాలేదని నీకు చెప్పిందెవరు?"

"నువ్వే కదమ్మా."

"నేనా?"

"చిన్నప్పట్నుంచీ దువ్వినప్పుడల్లా ఏమనేదానివి? నలిగిన గుడ్డలా ఉందే నీ జుట్టు అనేదానివి. నలిగిన గుడ్డ కట్టుకుని కౌంటర్లో ఎవరైనా నిలబడతారా?"

నేనూ విన్నాను ఆ మాట, ఎన్నోసార్లు. ముద్దుగానే అనేది, నవ్వుతూ అనేది. కానీ మా పెద్దమ్మ బతుకంతా నలిగినవాటిని సరిచేయడమే, ఆమె నోట నలిగింది అంటే పనికిరాదనే అర్థం. ఆ పిల్ల ఆ మాటను అలాగే నమ్మింది. ఈ ఇంట్లో అందరి మాటా నమ్మే మనిషి అదొక్కతే. నాకు పెద్దమ్మ మీద కోపం వచ్చింది, వెంటనే జాలీ వేసింది.

పెద్దమ్మ పట్టకారు స్విచ్ కట్టేసింది. కూతుర్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి తలంతా తడిపింది. సాపు చేసిన జుట్టు చూస్తుండగానే మళ్ళీ ఉంగరాలు తిరిగింది. బిగించి జడ వేసింది. కాలిన పాయను మాత్రం ఎవరికీ కనపడకుండా జడ లోపలికి దోపింది.

"మచ్చ లోపలికి మడుస్తున్నావమ్మా," అంది చెల్లి.

పెద్దమ్మ చేతులు ఆగాయి. మళ్ళీ కదిలాయి. "ఈ ఒక్కసారికి ఊరుకోవే," అంది.

సాయంత్రం చెల్లి వచ్చి కౌంటర్ తనకే ఇచ్చారని చెప్పింది. జుట్టు ఊసే రాలేదట. రోజంతా నిలబడగలవా, గొడవపడే మనుషులతో ఓపిగ్గా మాట్లాడగలవా అని మాత్రం అడిగారట. పెద్దమ్మ నమ్మలేదు. పిల్ల తన మనసు కష్టపెట్టకూడదని అబద్ధం చెబుతోందని అనుమానం. అందుకని, అది కౌంటర్లో చేరిన రోజు మధ్యాహ్నం పని ఆపి, నన్ను వెంటేసుకుని వెళ్ళి దుకాణం ఎదుటి గోడ పక్కన నిలబడింది.

అద్దాల వెనక చెల్లి నిజంగానే నిలబడి ఉంది. ఒక పెద్దాయనకు కళ్ళజోడు పెట్టి, చెవుల దగ్గర సరిచేస్తోంది. పొద్దున పెద్దమ్మ బిగించి వేసిన జడ లేదు. విప్పేసుకుంది. ఉంగరాలన్నీ భుజాల మీద పడి ఉన్నాయి. అటు తిరిగినప్పుడు కాలిన పాయ పైకే కనిపించింది, బిరుసుగా, అందరూ చూసేలా. దాచుకోవాలని దానికి ఉన్నట్టు లేదు.

పెద్దమ్మ చాలాసేపు చూసింది. "నలిగినట్టేం లేదే," అంది చివరికి, నాతోనో, తనతోనో.

తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏమైందని అడిగితే ఎండకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయంది. నేను ఆమె దగ్గరే నేర్చుకున్న పని చేశాను. తలెత్తి చూశాను. ఆకాశం పొద్దుటి నుంచీ మబ్బుగానే ఉంది.