నడువు సారు, సూపిస్త

అశోక్‌నగర్‌లో మా పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు, పాలమూరు నుంచి వచ్చిన ఒక కూలామె అక్కడే గుడిసె వేసుకుని మొగుడితో, పిల్లలతో ఉండేది. ఎవరేం అనుమానించినా "నడువు, సూపిస్త" అని తనే ముందు కదిలేది. మేస్త్రీ అయినా ఆమె వెంట వెళ్లి చూడాల్సిందే.

దుకాణంలో కొన్న బియ్యం పిల్లలకే చాలక ఆమె గంజితో సరిపెట్టుకునేది. రేషను బియ్యానికి తెల్లకార్డు కావాలని ఆమెతో పాటు చిక్కడపల్లి ఆఫీసుకు వెళ్లాను.

గుమాస్తా తలెత్తకుండానే, "ఇంటి నంబరేంది?" అన్నాడు.

"ఇల్లు ఇంక కడ్తనే ఉన్నం సారు. గుడిసెల ఉంటున్నం. నడువు, సూపిస్త."

గదిలో అందరూ నవ్వారు. ఆమె మాత్రం కొంగు నడుముకు బిగించి, అతను లేస్తాడని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఎంక్వైరీకి వస్తం తియ్, పో," అన్నాడు చివరికి.

అతను వచ్చేసరికి భవనం పూర్తయింది. గుడిసె పీకేశారు. వాళ్లు అంబర్‌పేటలో మరో పనికి వెళ్లిపోయారు. ఆ మాటే చెప్పాను.

"అంబర్‌పేట మా ఆఫీసు కిందికి రాదమ్మా," అంటూ ఈ చిరునామాలో అటువంటి వారు లేరని రాసుకున్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. "మరి ఈ ఇటుకలన్నీ ఎవరు మోశారు?" అని అరిచాను.

అతను భవనాన్ని పైదాకా చూశాడు.

"మంచిగ కట్టిండ్రు. ఫ్లాట్లు కిరాయికి ఉన్నయా అమ్మా?"