అమ్మ పాదాలు ఎన్ని అడుగుల ఎత్తు?

మా అశ్విని ఏం ఉద్యోగం చేస్తుందో వీధిలో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్లో రాత్తాదంట" అనేది వాళ్ల మామ్మ పెద్దింట్లమ్మ, అదేదో ఉత్తరాలు రాసే పని అన్నట్టు. రాజమండ్రిలో గోదారి గట్టుకు ఏటి వైపున్న మా వీధి మొత్తం వేటకు వెళ్లేవాళ్లదే. ఆ పిల్ల తండ్రి అమ్మిరాజు వలలో పులస పడితే తప్ప నవ్వడు. తల్లి చేపల గంప దించి ఎరగదు. అలాంటి ఇంట్లో పుట్టి, ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్ కంపెనీకి ఇక్కడినుంచే పనిచేస్తోంది. వీధి చివర నాది ఫోన్ రీఛార్జి కొట్టు. వాళ్లింట్లో సిగ్నల్ అందదని రోజూ వచ్చి నా అరుగంతా ఆక్రమించేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏంటమ్మా, పొద్దస్తమానం ఆ పెట్టెలో ఏం చూస్తావు?"

"మన వీధినే చూస్తున్నాను బాబాయ్" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది.

నగరపాలక సంస్థ తన దగ్గరున్న వివరాలను ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చని ఇంటర్నెట్లో పెట్టిందట. వీధి దీపాలు, కుళాయిలు, మురుగు కాలువలు, ఎక్కడి నేల ఎంత ఎత్తులో ఉందో సర్వే చేసిన కొలతలు. మా వీధి కుళాయి అందులో ఉంది. నా కొట్టు ముందున్న దీపస్తంభం ఉంది. మమ్మల్ని ఎవడూ పట్టించుకోడని పుట్టినప్పటినుంచీ తిట్టుకుంటున్న నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఆ రోజునుంచి అరుగు ఆ పిల్లకే వదిలేశాను.

ఈ కొలతలతో ఆమెకు పనేమిటంటే, వరద. గోదారి పెరిగితే బ్యారేజీ దగ్గర నీటిమట్టం అడుగుల్లో చెబుతారు, మొదటి ప్రమాద హెచ్చరిక అంటారు. "మొదటిదే కదా, ఇంకా ఉన్నాయిలే" అని మావాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. మాకు కావలసింది ఆ అడుగులు కాదు. ఇళ్లకంటే పల్లంలో, ఏటి ఒడ్డున గంగమ్మ గుడి ఉంది. నీళ్లు అమ్మ పాదాలు తడిపితే పిల్లాజెల్లాతో, తట్టాబుట్టాతో గట్టెక్కేస్తాం. తడవకపోతే కలెక్టరు వచ్చి బతిమాలినా కదలం. తడిశాయని చెప్పాల్సింది పెద్దింట్లమ్మ. ఆవిడ మాట లేకుండా వీధిలో కోడి కూడా గట్టెక్కదు.

పాత వరదల్లో నీరు ఎప్పుడు ఏ వీధిలోకి వచ్చిందో చెప్పమని అశ్విని సమాచార హక్కు కింద అర్జీ పెట్టింది. వచ్చినవన్నీ కాగితాల ఫొటోలు. ఒకదానిలో మా వీధికి ఒక పేరు, ఇంకోదానిలో మరో పేరు. పెద్దవాళ్లను అడిగి ఏది ఏదో తేల్చుకుంటూ అన్నీ తనే టైపు చేసింది. సర్వేలో గుడి నేల ఎత్తు ఉంది. వాటినీ వీటినీ కలిపి, బ్యారేజీ నీటిమట్టం చూసి, అమ్మ పాదాలు ఎప్పుడు తడుస్తాయో ముందే చెప్పే ప్రోగ్రాం రాసింది. చదువు రానివాళ్ల కోసం తన గొంతుతోనే ఫోన్లకు మాట వెళ్లేలా చేసింది.

మొన్న వానాకాలం గోదారికి ఎర్రనీరు దిగి వరద మొదలైంది. ఒక సాయంత్రం వీధిలో ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి. "రేపు పొద్దున్నకి అమ్మ పాదాలు తడుస్తాయండి. సామాన్లు సర్దుకోండి." రోజూ కసురుకునే పిల్ల ఫోన్లో అండీ గిండీ అంటుంటే నవ్వుకున్నాం గానీ, మూటలైతే కట్టుకున్నాం.

తెల్లారాక అందరం ఒడ్డుకు వెళ్లాం. నీళ్లు గద్దె చుట్టూ సుడులు తిరుగుతున్నాయి. పైన అమ్మ పాదాలు మాత్రం పొడిగా ఉన్నాయి. పసుపైనా చెదరలేదు.

"నీ ఫోను పొరబడిందే" అంది పెద్దింట్లమ్మ. "పదండి, ఇంకా టైముంది."

జనం మూటలు విప్పుకోవడానికి వెనక్కి మళ్లారు. అశ్విని కదల్లేదు. ఫోన్‌లో నీటిమట్టం అంకె చూసింది, గద్దె చూసింది, మళ్లీ ఫోన్ చూసింది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"బాబాయ్, సర్వే అయ్యాకే కదా ఈ గద్దె కట్టారు?"

అమ్మ పూర్వం నేల మీదే, రాతి పీట మీద ఉండేది. కిందటి పెద్ద వరదలో నిలువునా మునిగిపోయిందని మా ప్రాణం విలవిల్లాడి, చందాలు వేసుకుని, మనిషి నిలువెత్తు గద్దె కట్టి పైన కూర్చోబెట్టాం. రోజూ దండం పెట్టుకునే గద్దె. ఇన్నాళ్లూ ఆ పిల్లకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

అశ్విని పరిగెత్తి మామ్మకు అడ్డంగా నిలబడింది.

"అంకె తప్పు కాదు మామ్మా. అమ్మని మనమే పైకెత్తేశాం. ఇళ్లు మాత్రం ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. ఇప్పుడా పాదాలు తడిసేదాకా ఆగామంటే పిల్లలు మునిగిపోతారు."

పెద్దింట్లమ్మ గుడి వైపు తిరిగింది. పాదాలు తడిస్తేనే కదలాలన్నది వాళ్ల అమ్మ, అమ్మమ్మ చెప్పిన మాట. మనవరాలి మాట పట్టుకుని గంగమ్మ మాట ఎలా దాటుతుంది? వీధంతా ఆవిడ నోటి వంకే చూస్తోంది.

ఆవిడ ఇంట్లోకి వెళ్లి ఇత్తడి బిందె తెచ్చింది. చీలమండల లోతు నీళ్లలో దిగి ముంచుకుంది. గద్దె మెట్లు మెల్లగా ఎక్కి, బిందెడు గోదారినీ అమ్మ పాదాల మీద పోసింది. పసుపు కరిగి మెట్ల మీంచి కారింది.

ఇటు తిరిగి గొంతెత్తి అరిచింది. "అమ్మ కాళ్లు తడిశాయి! ఏంటలా చూత్తారు? గట్టెక్కండి!"

చేతులు వాటంతటవే జోడించాను. దండం అమ్మవారికి పెట్టానో ఆ ముసలావిడకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను. అశ్విని అయితే అక్కడే నిలబడి వలవలా ఏడ్చేసింది. "ఏడుపు తరవాతేడుద్దువుగాని, మేకల్ని విప్పు" అని కసిరింది మామ్మ.

మధ్యాహ్నానికి వీధంతా గట్టు మీద ఉంది. సాయంత్రానికి మా ఇళ్లలో మంచాలు మునిగాయి. గట్టు మీంచి చూస్తే, గద్దె మీదున్న అమ్మ పాదాలకు గోదారి ఇంకా అందనే లేదు.