టోపీకి చూరు

మంచిర్యాలలో గోదావరిఖని బస్సెక్కాను. ఈ వయసులో చదువు నేర్చుకుని, బస్సు బోర్డులు చదవడం వచ్చాక మా ఊరి నుంచి ఒంటరిగా చెల్లెలి ఇంటికి రావడం అదే మొదటిసారి. పక్క సీటులో రహీమాబీ అనే ఆమె తెల్ల దారంతో మగవాళ్ల టోపీ అల్లుతోంది. భర్త బొగ్గుబాయి పని నుంచి నిన్ననే రిటైరయ్యాడట.

“ఇన్నేండ్లు శుక్రారాలన్ని డ్యూటీలనే గడిచినయ్. ఇయ్యాల జుమ్మా నమాజుకు కొత్త టోపీ ఇస్తనన్న. బస్టాండుల ఎదురుచూస్తుంటడు. నా వేళ్లేమో తిమ్మిరెక్కినయ్ అక్కా.”

నాకూ అల్లిక వచ్చు. అడిగి తీసుకుని చివరి వరుసలు అందుకున్నాను. బయట ఎండ చూసి, మొహానికి నీడ ఉంటుందని ముందువైపు రెండు వేళ్ల వెడల్పున అంచు పెంచాను.

ఆమె చూసి పకపకా నవ్వింది. “టోపీకి చూరు పెట్టినవేంది? నమాజుల నుదురు నేలకు ఆనాలె. గిదుంటే ఎట్ల ఆనుతది?”

సిగ్గుపడి ఆ అంచు విప్పేశాను. అప్పటికే గోదావరి వంతెన మీద ఉన్నాం. గబగబా అల్లితే, బస్సు ఆగేసరికి చివరి ముడి పడింది.

బస్టాండులో ఆమె భర్త, టోపీ ఇక అందదనుకుని, తలకు రుమాలు కట్టుకుని నమాజుకు కదలబోతున్నాడు. ఆమె టోపీని ఆయన చేతికిచ్చి, నా చూరు సంగతి కూడా చెప్పేసింది.

“ఉంచేది ఉండె అక్కా. వానొస్తే మేమిద్దరం దాని కింద నిలబడేటోళ్లం,” అని ఆయన రుమాలు విప్పి, టోపీ పెట్టుకుని మసీదు వైపు నడిచాడు.

వీధి నిండా తెల్ల టోపీలే. నేను వెతుకుతుంటే రహీమాబీ వేలితో చూపించింది.

“గదే అక్కా, మూల తిరుగుతున్నదే మనది.”